ఆగిన పింఛనుకు అప్పీలు: పంపడం, అందినట్టు రుజువు దక్కించుకోవడం

పింఛను ఆగిపోయి మండలాఫీసుల చుట్టూ తిరిగేవాళ్లకు అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో తరచూ వినిపించే జవాబు ఒకటుంది: "మీ అర్జీ మాకు రాలేదే." ఇచ్చామని మనమంటాం, రాలేదని వాళ్లంటారు. అక్కడ కాగితం చూపించగలిగినవాళ్ల మాటే నిలుస్తుంది. అసలు విషయంలో ఎంత న్యాయమున్నా, గడువులోపల అప్పీలు ఇచ్చినట్టు చూపలేకపోతే దాని దాకా పోకుండానే ఫైలు మూసేస్తారు.

ఈ మార్గదర్శి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను రద్దయినప్పుడు, లేదా తగ్గించినప్పుడు చేసే అప్పీలు గురించి. రైస్ కార్డుకూ ఇళ్ల స్థలానికీ అర్జీ ఇచ్చేటప్పుడు కూడా రుజువు పద్ధతి ఇదే.

రుజువు అంటే మూడు సంగతులు తేలాలి. అప్పీలు ఇచ్చారని, ఫలానా తేదీన ఇచ్చారని, అందులో ఫలానా కాగితాలు ఉన్నాయని. మొదటి రెండూ ఎలాగో సంపాదిస్తారు. మూడోది చాలామంది దగ్గర ఉండదు. పోస్టాఫీసు రశీదు ఒక కవరు వెళ్లిందని మాత్రమే చెబుతుంది, కవర్లో ఏముందో చెప్పదు. "కవరు వచ్చింది గానీ సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ జత చేయలేదు" అని ఆఫీసు అంటే ఏం చూపిస్తారు? కింద చెప్పే పనుల్లో సగం ఆ ఒక్క ప్రశ్న కోసమే.

నోటీసు చేతికి వచ్చిన రోజు

నోటీసు మామూలుగా గ్రామ సచివాలయం లేదా వార్డు సచివాలయం నుంచి వస్తుంది. సిబ్బంది ఇచ్చి సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం పక్కనే మీ చేత్తో తేదీ వేయండి. వేలిముద్ర వేసేవాళ్లయితే పక్కన ఎవరైనా తేదీ రాసి, తమ పేరు రాసి సాక్షిగా సంతకం చేయాలి. తేదీ లేని సంతకం తర్వాత మీకే అడ్డం తిరుగుతుంది. నోటీసు మీద ఉన్న తేదీకి, అది మీకు అందిన తేదీకి మధ్య పది పదిహేను రోజుల తేడా ఉండొచ్చు. ఆ తేడా మీ గడువులోంచి పోకూడదంటే అందిన రోజు కాగితం మీద ఉండాలి. పోస్టులో వస్తే కవరు పారేయకండి. దాని మీది పోస్టాఫీసు ముద్రే మీ సాక్ష్యం.

అప్పీలుకు ఎన్ని రోజుల గడువో నోటీసులోనే చూడండి. ఎవరో చెప్పిన లెక్క నమ్మొద్దు.

కొందరికి నోటీసే రాదు. ఒకటో తేదీన పంపిణీకి వచ్చినవాళ్లు "లిస్టులో మీ పేరు లేదు" అని చెప్పి పోతారు. అప్పుడు అదే వారంలో సచివాలయంలో ఒక చిన్న అర్జీ ఇవ్వండి: "నా పింఛను ఏ కారణంతో, ఏ తేదీ నుంచి, ఎవరి ఆదేశంతో ఆపారో రాతపూర్వకంగా తెలపగలరు." కారణం తెలియకుండా రాసే అప్పీలు గుడ్డిగా రాళ్లు విసిరినట్టే. విద్యుత్తు యూనిట్ల వల్ల ఆగినదానికి వయసు ధ్రువపత్రం జత చేసి ఇచ్చేవాళ్లు కోకొల్లలు.

కర్నూలు పడమటి మండలాలవాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి. కోసిగి, ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి సుగ్గికి (పనుల కోసం వలస) పోయినప్పుడు ఇంటికి తాళం ఉంటుంది. నోటీసు గోడకు అంటించి పోతారు, లేదా పక్కింట్లో ఇచ్చి పోతారు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే వెసులుబాటు ఉంది. మూడో నెలా దాటితే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. ఆ కారణంతో ఆగిందంటే, ఊరికి తిరిగొచ్చిన రోజు చూపించే బస్సు టికెట్టో రైలు టికెట్టో అప్పీలుకు జత చేయండి.

ఏ కారణానికి ఏ కాగితం

రద్దుకు చెప్పే కారణాలు ఎక్కువగా ఆరంచెల పరిశీలనలోంచి, అంటే ప్రభుత్వ రికార్డులతో అర్హతను ఆరు రకాలుగా సరిచూసే పద్ధతిలోంచి వస్తాయి. వాటిలో కంప్యూటర్ చేసే తప్పులు కొన్ని పదే పదే కనిపిస్తాయి.

విద్యుత్తు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. బాడుగ ఇళ్ల మీటర్లన్నీ యజమాని ఆధార్‌కు ముడిపడి ఉంటే అన్ని ఇళ్ల వాడకమూ ఆయన ఖాతాలోనే పడుతుంది. కరెంటు సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో మీ సర్వీసు నంబరుకు 12 నెలల బిల్లుల వివరం తీసుకోండి. ఏ సర్వీసు మీది కాదో ఒక లెటర్ మీద రాయించుకుంటే ఇంకా బలం.

భూమి విషయంలో మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాలు అన్నది హద్దు. అనంతపురం జిల్లాలో మెట్ట భూములు అన్నదమ్ములు పంచుకున్నా రికార్డులో పెద్దాయన పేరు మీదే ఉండిపోతాయి. భూమి రికార్డులైన 1బి, అడంగల్ నకళ్లతో పాటు పంపకం కాగితం పెట్టాలి.

సొంత కారు ఉంటే పింఛను ఆగుతుంది. కారు అమ్మేసినా ఆర్టీవో దగ్గర పేరు మారకపోతే అది మీ కారే. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంది గనక ఆర్‌సీ నకలు జత చేస్తే చాలు. కొడుకు ప్రభుత్వోద్యోగి అయినా, లోనుకోసం ఆదాయపన్ను రిటర్ను వేసినా తల్లిదండ్రుల పింఛనుకు దెబ్బ తగులుతుంది. కొడుకు పెళ్లయి వేరు కాపురం ఉంటే సచివాలయం హౌస్‌హోల్డ్ మ్యాపింగులో (ఎవరు ఏ కుటుంబానికి చెందుతారన్న నమోదులో) ఆ కుటుంబం విడిపోయిందో లేదో ముందు చూసుకోండి. మ్యాపింగు మారకుండా అప్పీలు ఒక్కటే ఇస్తే మళ్లీ అదే జవాబు వస్తుంది.

దివ్యాంగుల పింఛను లెక్క వేరు. సదరం పరీక్షలో వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేలితే రద్దుకు నోటీసు వస్తుంది. 2025 ఆగస్టులో పునఃపరిశీలన తర్వాత ఈ నోటీసులు పెద్ద ఎత్తున వచ్చాయి. రద్దు చేయకుండా రకం మార్చడం కూడా ఉంటుంది. మంచం పట్టినవాళ్లకిచ్చే 15,000 రూపాయల పింఛనును 6,000కు దించడం, 6,000 పొందుతున్న పెద్ద వయసువాళ్లను 4,000 వృద్ధాప్య పింఛనులోకి మార్చడం. డబ్బు కొంత వస్తోంది కదా అని ఊరుకుంటే గడువు దాటిపోతుంది. తగ్గింపు మీద కూడా అప్పీలు చేయాలి. ఈ కేసుల్లో పాత సదరం సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రే లేదా స్కాన్ రిపోర్టు పెట్టి, మెడికల్ బోర్డు ముందు మళ్లీ పరీక్ష చేయించమని స్పష్టంగా అడగాలి. వైకల్య ధ్రువీకరణ మీద అప్పీలు చేసుకునే హక్కు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్లోనే ఉంది. ఆ సెక్షన్ నంబరు అర్జీలో రాయండి.

ఎవరికి రాయాలి

పల్లెల్లో ఎంపీడీవోకి, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కి. నోటీసులో వేరే అధికారి పేరు చెబితే ఆ అధికారికే. సచివాలయంలో అర్జీ ఇవ్వడం తప్పు కాదు, ఆన్‌లైన్ నమోదు అక్కడే జరుగుతుంది. కానీ పింఛను మీద నిర్ణయం తీసుకునేది వాళ్లు కాదు. సచివాలయంలో ఇచ్చిన కాగితం మండలాఫీసుకు చేరిందని రుజువు మీ దగ్గర ఉండదు. అందుకే రెండు చోట్లా ఇవ్వండి.

చిరునామా దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ధర్మవరం, కదిరి, హిందూపురంవాళ్లు కలెక్టర్‌కు పంపాల్సింది పుట్టపర్తికి, అనంతపురానికి కాదు. ఆళ్లగడ్డ, బనగానపల్లె, డోన్ వాళ్లు కర్నూలుకు కాకుండా నంద్యాలకు పంపాలి. పాత అలవాటులో పాత జిల్లాకు పంపిన కవరు అక్కడే పడి ఉంటుంది, లేదా వారాల తర్వాత చేరుతుంది.

అర్జీ రాయడం

ఒకటి రెండు పేజీలు చాలు. కష్టాలన్నీ ఏకరువు పెడితే చదివే గుమాస్తాకు అసలు విషయం దొరకదు. ఈ నమూనా పనికొస్తుంది:

> తేదీ: ……
> గౌరవనీయులైన మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి, …… మండలం, …… జిల్లా.
>
> విషయం: ఎన్టీఆర్ భరోసా పింఛను రద్దుపై అప్పీలు. పింఛను ఐడీ: ……
> సూచిక: తేదీ …… గల మీ నోటీసు నం. ……, నాకు …… తేదీన అందినది.
>
> అయ్యా,
> నేను …… గ్రామంలో ఉంటున్నాను. …… రకం పింఛను …… నెల వరకు తీసుకున్నాను. …… కారణంతో రద్దు చేస్తున్నట్టు నోటీసు ఇచ్చారు. ఆ కారణం నాకు వర్తించదు. ఎందుకంటే ……. ఇందుకు ఆధారం జత 3లోని పత్రం, 4వ పేజీ.
>
> కావున రద్దు ఉత్తర్వును నిలిపి, నా పింఛను పునరుద్ధరించి, ఆగిన నెలల మొత్తాన్ని కూడా ఇప్పించమని, నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపమని కోరుతున్నాను.
>
> జతపరచినవి: 1. నోటీసు నకలు (పేజీ 2). 2. ఆధార్ నకలు (పేజీ 3). 3. …… (పేజీలు 4–6).
> ఈ అప్పీలు జతపత్రాలతో కలిపి మొత్తం 6 పేజీలు.
>
> సంతకం, పేరు, చిరునామా, ఫోన్ నంబరు

ఇందులో ప్రాణమంతా సంతకానికి ముందున్న రెండు వరుసల్లో ఉంది. జతపత్రాల పట్టిక, మొత్తం పేజీల సంఖ్య మొదటి పేజీ మీదే ఉండాలి, ఎందుకంటే ఆఫీసు సీలు పడేది ఆ పేజీ మీదే. పట్టిక ఉన్న పేజీ మీద సీలు పడితే ఆ కాగితాలన్నీ అందినట్టు వాళ్లే ఒప్పుకున్నట్టు. పట్టిక రెండో పేజీకి జారిపోతే అక్షరాలు చిన్నవి చేసైనా మొదటి పేజీలోకి తీసుకురండి.

ప్రతి పేజీ కింద కుడి మూల "1/6, 2/6" అని అంకెలు వేసి పొట్టి సంతకం చేయండి. నకళ్ల మీద "నిజ ప్రతి" అని రాసి సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ పరిస్థితిలోనూ ఇవ్వొద్దు. ఆధార్ నకలు మీద "పింఛను అప్పీలు కోసం మాత్రమే" అని అడ్డంగా రాయండి.

వేలిముద్ర వేసేవాళ్లు ఏ చేతి బొటనవేలో పక్కన రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి. ముసలివాళ్లో కదల్లేనివాళ్లో అయితే కొడుకో కోడలో పట్టుకెళ్లొచ్చు. అప్పుడు "నా తరఫున ఫలానావారు అందజేస్తారు" అని ఒక వరుస అర్జీలోనే ఉండాలి.

మొత్తం మూడు సెట్లు జిరాక్స్ తీయించండి. ఒకటి ఆఫీసుకు, ఒకటి సీలు వేయించుకుని మీ దగ్గర పెట్టుకోవడానికి, ఒకటి పోస్టుకు.

చేతికిచ్చి సీలు వేయించుకోవడం

అన్నింట్లోకి గట్టి రుజువు ఇదే, ఖర్చు కూడా జిరాక్స్ డబ్బులే. ఉదయం పదిన్నర, పదకొండు మధ్య వెళ్లడం మేలు. మధ్యాహ్నానికి సీలు ఉన్న గుమాస్తా ఫీల్డుకు పోవచ్చు.

నేరుగా ఎంపీడీవో గదికి వెళ్లి చేతికిచ్చి వచ్చేస్తే గౌరవంగానే ఉంటుంది గానీ వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వార్డు రిజిస్టర్లోకి ఎక్కకపోవచ్చు. ముందు టపాల్ తీసుకునే సెక్షన్‌కు వెళ్లండి. అసలు ప్రతి ఇచ్చి, మీ నకలు మీద నాలుగు ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి: ఆఫీసు పేరున్న సీలు, తేదీ, తీసుకున్నవారి సంతకం, ఇన్‌వార్డు నంబరు.

సీలులో తేదీ మార్చకుండా నిన్నటిదే ఉండిపోవడం మామూలు. సిరా ఆరిపోయి అంకె కనబడకపోవడమూ మామూలే. గుండ్రటి సీలు మధ్యలో "14" ఉందో "19" ఉందో తెలియని కాగితం గడువు తగువులో పనికిరాదు. అలాంటప్పుడు "తేదీ పెన్నుతో కూడా వేయండి సార్" అని అడిగితే కాదనరు. సీలు ఉండి సంతకం లేకపోతే ఎవరు తీసుకున్నారో తెలియదు. సంతకం ఉండి సీలు లేకపోతే ఆ సంతకం ఎవరిదో తెలియదు. రెండూ కావాలి. ఇన్‌వార్డు నంబరు సాయంత్రం వేస్తామంటే మర్నాడు ఫోన్లో కనుక్కుని మీ నకలు మీద పెన్సిల్‌తో రాసుకోండి.

సీలు వేయనంటే? "సార్ లేరు", "సచివాలయంలో ఇవ్వండి", "పేరు రాసుకున్నాం, ఫోన్ చేస్తాం" అనే మాటలు వస్తాయి. గొడవ వద్దు. సూపరింటెండెంట్ ఉంటే ఆయన్ను ఒకసారి అడగండి. అప్పటికీ కాదంటే కాగితం అక్కడ వదిలేసి రావద్దు. సీలు లేకుండా వదిలిన అర్జీ బల్ల మీంచి ఎటు పోయినా అడిగే దారి ఉండదు. ఆ రోజే పోస్టాఫీసుకు వెళ్లి పంపండి. కవరులోని అర్జీ చివర ఒక వరుస చేర్చండి: "…… తేదీన ఉదయం …… గంటలకు స్వయంగా ఇవ్వబోగా స్వీకరించనందున పోస్టు ద్వారా పంపుతున్నాను." ఈ వరుసకు తర్వాత చాలా విలువ ఉంటుంది.

ఇంటికొచ్చాక సీలున్న పేజీని పగటి వెలుతురులో ఫొటో తీయండి. వాట్సాప్‌లో పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం వివరాలు పోతాయి. ఫోన్లోని అసలు ఫొటో తుడిచేయకండి.

పోస్టులో పంపడం

రిజిస్టర్డ్ పోస్టు అని విడిగా ఉండేది 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడు కౌంటర్లో "స్పీడ్ పోస్టు, రిజిస్ట్రేషన్‌తో, అందినట్టు అక్నాలెడ్జ్‌మెంట్‌తో" అని మూడు మాటలూ చెప్పాలి. ఉత్త స్పీడ్ పోస్టు అంటే ఉత్తదే చేస్తారు. రిజిస్ట్రేషన్‌కు 5 రూపాయలు, దాని మీద జీఎస్టీ అదనం. ఆ 5 రూపాయల దగ్గర పొదుపు చేయకండి. 1897 జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సరైన చిరునామా రాసి, రుసుము కట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరం మామూలుగా చేరాల్సిన సమయానికి చేరినట్టే భావిస్తారు, చేరలేదని ఎదుటివారు రుజువు చేసేదాకా. చట్టంలో ఉన్న మాట రిజిస్టర్డ్ పోస్టు. అందుకే ఆ సేవ రశీదు మీద కనిపించాలి. ప్రైవేటు కొరియర్‌కు ఈ రక్షణ లేదు.

2025 అక్టోబర్ 1 నుంచి అమలైన రేట్లలో 50 గ్రాముల వరకు లోకల్‌కు 19 రూపాయలు, బయటి ఊళ్లకు 47. ఆపైన 250 గ్రాముల వరకు 200 కిలోమీటర్ల లోపల 59. అన్నిటికీ జీఎస్టీ అదనం. ఏ4 కాగితం ఒక్కోటి దాదాపు 5 గ్రాములు తూగుతుంది. ఎనిమిది కాగితాలు, కవరు కలిస్తే 50 గ్రాముల అంచుకు వస్తుంది. కాబట్టి కల్యాణదుర్గం నుంచి అనంతపురానికి పది పన్నెండు పేజీలు పంపాలంటే వంద రూపాయల దాకా చేతిలో పెట్టుకుని వెళ్లండి.

కవరు మీద అధికారి హోదా రాయండి, పేరు వద్దు. బదిలీ అయిన అధికారి పేరుతో వెళ్లిన కవరు తిరిగి రావచ్చు. పిన్‌కోడ్ తప్పనిసరి. ఎడమ పక్క "ఎన్టీఆర్ భరోసా పింఛను అప్పీలు, 6 పేజీలు" అని రాసి, అదే మాట అక్నాలెడ్జ్‌మెంట్ మీద కూడా రాయండి. అది సంతకంతో తిరిగొస్తే లోపల ఏముందన్న ప్రశ్నకు అదొక ఆధారం. అంటించే ముందు కాగితాలన్నీ కవరు పక్కన పరిచి ఒక ఫొటో తీసుకోవడం కూడా మంచిదే.

రశీదు ఇవ్వగానే కౌంటర్ దగ్గరే చదవండి. గ్రహీత హోదా, పిన్‌కోడ్ సరిగా టైపు చేశారా, 13 అక్షరాల నంబరు స్పష్టంగా ఉందా అని. స్పీడ్ పోస్టు నంబరు ఈతో మొదలై ఐఎన్‌తో ముగుస్తుంది. ఆ నంబరును మీ దగ్గరుండే అప్పీలు నకలు మొదటి పేజీ మీద అప్పుడే రాసేయండి.

ఈ రశీదులు వేడితో అచ్చయ్యే కాగితం మీద వస్తాయి. మన ఎండలకు జేబులోనో బీరువాలోనో ఉన్నా కొన్ని నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. అదే రోజు జిరాక్స్ తీయించండి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే యంత్రం వేడికి రశీదు మొత్తం నల్లబడిపోతుంది, ఉన్న రుజువూ పోతుంది. ప్లాస్టిక్ కవర్లో కూడా ఎక్కువ కాలం ఉంచొద్దు, కాగితం మడతలో పెట్టండి.

నాలుగైదు రోజుల తర్వాత ఇండియా పోస్టు వెబ్‌సైట్లో నంబరు కొట్టి చూడండి. "డెలివర్డ్" అని తేదీ, సమయంతో కనిపిస్తే ఆ పేజీ ప్రింటు తీయించుకోండి. ఈ వివరం వెబ్‌సైట్లో ఎల్లకాలం ఉండదు. అక్నాలెడ్జ్‌మెంట్ తిరిగి రాకపోతే బెంగపడొద్దు, చాలాసార్లు రాదు. మీరు పోస్టు చేసిన ఆఫీసు పోస్ట్‌మాస్టర్‌కు రశీదు నకలు జత చేసి, "ఎవరికి, ఏ తేదీన అందించారో తెలపగలరు" అని అర్జీ ఇవ్వండి. ఆలస్యం చేస్తే పాత రికార్డు వెతకడం కష్టమవుతుంది. "తీసుకోవడానికి నిరాకరించారు" అని వెనక్కి వచ్చిన కవరు మీకు మేలే చేస్తుంది. దాన్ని విప్పకండి, అతికించినది అతికించినట్టే దాచండి. "చిరునామా సరిగా లేదు" అని వస్తే మాత్రం తప్పు మన మీద పడుతుంది, వెంటనే సరిచేసి మళ్లీ పంపాలి.

గడువు లెక్కకు పోస్టు చేసిన రోజు సరిపోతుందా, ఆఫీసుకు అందిన రోజు చూస్తారా అన్న వాదనకు దిగే అవసరమే రాకుండా చూసుకోండి. చివరి తేదీకి కనీసం వారం ముందు పోస్టులో పడాలి. అంతకంటే ఆలస్యమైతే స్వయంగా వెళ్లి సీలు వేయించుకోవడమే దారి.

సోమవారం పీజీఆర్‌ఎస్

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, దాన్నే పీజీఆర్ఎస్ అంటారు. అక్కడ అర్జీ నమోదు చేయగానే నంబరుతో రశీదు ఇస్తారు, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మీకోసం అనే ప్రభుత్వ పోర్టల్లో, 1100 నంబరుకు ఫోన్ చేసి కూడా ఆ నంబరు స్థితి తెలుసుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. పీజీఆర్‌ఎస్ అర్జీ అప్పీలుకు బదులు కాదు. ఎంపీడీవోకో కమిషనర్‌కో అప్పీలు ఇచ్చాకే ఇక్కడికి రావాలి. ఇక్కడిచ్చే అర్జీలో "…… తేదీన ఇన్‌వార్డు నం. …… కింద అప్పీలు ఇచ్చాను, ఇంతవరకు నిర్ణయం తెలపలేదు" అని రాసి, సీలున్న పేజీ నకలు జత చేయండి. అలా చేస్తే మీ అప్పీలు అందిన సంగతి కలెక్టరేట్ రికార్డులోకి కూడా ఎక్కుతుంది. ఆఫీసు అప్పుడు "రాలేదు" అనలేదు. "నా పింఛను ఇప్పించండి" అని ఒక్క మాట రాసిస్తే మాత్రం "అర్హత లేదు" అని ఎండార్స్‌మెంట్ (అర్జీ మీద అధికారి రాసే మాట) వేసి పరిష్కారమైనట్టు మూసేస్తారు.

మూసేసినట్టు మెసేజ్ వస్తే ఎండార్స్‌మెంట్ కాపీ తీసుకుని చదవండి. అడిగినదానికి జవాబు లేకపోతే తిరిగి తెరవమని అడగండి.

జవాబు రాకపోతే

మూడు వారాలు చూసి ఒక గుర్తుచేసే లేఖ ఇవ్వండి. నాలుగు వరుసలు చాలు, మొదటి అప్పీలు ఇన్‌వార్డు నంబరు, తేదీ ఉండాలి. దాని మీదా సీలు వేయించుకోవాలి.

ఆ తర్వాత సమాచార హక్కు. అప్పీలు అందిందా లేదా అన్న తగువును ఇది తేల్చేసినంత బాగా ఇంకేదీ తేల్చదు, ఎందుకంటే ఆఫీసు తన రిజిస్టర్ తానే చూపించాల్సి వస్తుంది. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆధారం నకలు జత చేస్తే రుసుము అక్కర్లేదు. "నా అప్పీలు ఏమైంది, ఎందుకు ఆలస్యం" అని అడిగితే జవాబు రాదు. ఎందుకు అనే ప్రశ్నకు రికార్డు ఉండదు. కాగితాలు అడగాలి:

"1. …… తేదీ నుంచి …… తేదీ వరకు మీ కార్యాలయ ఇన్‌వార్డు రిజిస్టర్ పేజీల నకళ్లు. 2. నా అప్పీలుపై నమోదైన నోట్ ఫైలు నకలు. 3. నా పింఛను రద్దుకు ఆధారమైన ఉత్తర్వు, పరిశీలన నివేదిక నకళ్లు."

జవాబుకు 30 రోజులు. రాకపోతే, లేదా తప్పించుకునే జవాబు వస్తే, మరో 30 రోజుల్లోపు అదే శాఖలో మొదటి అప్పీలు చేయాలి. దరఖాస్తు కూడా సీలుతోనో రిజిస్ట్రేషన్‌తోనో ఇవ్వకపోతే మళ్లీ కథ మొదటికొస్తుందని వేరే చెప్పనక్కర్లేదు.

న్యాయ సహాయం దాకా వెళ్లాల్సి వస్తే

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయాలు అనంతపురం, కర్నూలు, కడప కోర్టుల ఆవరణల్లోనే ఉన్నాయి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్‌లో అడగాలంటే 15100. నోటీసు, సీలున్న అప్పీలు, పోస్టు రశీదు జిరాక్స్, ట్రాకింగ్ ప్రింటు, పీజీఆర్‌ఎస్ నంబరు, సమాచార హక్కు జవాబు తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టి, పైన ఏ రోజు ఏం జరిగిందో అర పేజీ రాసి తీసుకెళ్లండి. హైకోర్టులో రిట్ వేయాల్సి వచ్చినా వకీలు మొదట అడిగేది "రిప్రజెంటేషన్ (అర్జీ) ఇచ్చారా, ఇచ్చినట్టు కాగితం ఉందా" అనే. అది ఉంటే, ఫలానా రోజుల్లోగా అప్పీలు తేల్చమని ఆఫీసును ఆదేశించమని కోర్టును అడగడం తేలిక.

పింఛను పునరుద్ధరించినట్టు చెబితే ఉత్తర్వు నకలు అడిగి తీసుకోండి. ఏ నెల నుంచి అని అందులో ఉందో చూడండి. ఆగిన నెలల డబ్బు గురించి ఒక్క మాటా లేకపోతే, మొదటి అప్పీల్లోని ఆ వాక్యాన్ని చూపిస్తూ దాని మీద విడిగా మరో అర్జీ ఇచ్చి సీలు వేయించుకోండి.